రేవులో వెనుదిరిగినవాడు

“పిరికివాడు” అన్న మాటను గంగరాజుగారు మళ్ళీ వాడినప్పుడు ఉమామహేశ్వరి తల తిప్పి, జీపు ఇంకా అక్కడే ఉందా అని కిటికీలోంచి చూసింది. ఉంది. బడి ప్రహరీని ఆనుకొని, సిల్వరోకు చెట్టు కింద, మూతి సంత రోడ్డువైపు తిప్పుకొని నిలబడి ఉంది. స్టీరింగు మీద వేళ్ళతో దరువు వేస్తూ సుక్రు, వెనక సీట్లోంచి కాళ్ళు బయటికి జాపి బుధు. వాళ్ళు ఎదురుచూస్తున్న మూడోవాడు కామేష్ ఈ గదిలోనే, చిట్టచివరి బల్ల మీద, ఇస్త్రీ మడతలు విడని తెల్లచొక్కాలో, గంగరాజుగారి ప్రతి వాక్యానికీ తలాడిస్తూ కూర్చున్నాడు. సభ ముగియగానే ముగ్గురూ సంతకు వెళతారు. సంతలో, వాళ్ళమ్మ కొండమీంచి దింపిన అల్లం బుట్ట ముందు, రాజకుమారి కూర్చుని ఉంటుంది. కామేష్ ఆమె మణికట్టు పట్టుకుంటాడు. దానికి ముందు ఈ గదిలో మాట్లాడవలసిన మనిషి ఇక ఒక్కరే మిగిలారు. ఆ ఒక్కరూ తానే.

తన వంతు వచ్చేదాకా చెయ్యగలిగింది ఏమీ లేదు. బల్ల మీద బంతిపూల దండ, స్టీలు గ్లాసులో నీళ్ళు, పక్కన నవలా రచయిత్రి సరళ. ఏడాదిపాటు వారపత్రికలో వచ్చిన తన ‘గెడ్డ రేవు’ మీద జనం చేస్తున్న దాడిని ఎవరి గురించో వింటున్నట్టు వింటోంది. వారం వారం ఆ పత్రిక ఘాటు రోడ్డెక్కి వచ్చే బస్సులో దిగేది. తడిసిన కట్టను విప్పకముందే కొట్టు ముందు చేతులు చాపి నిలబడేవాళ్ళు. ఉమామహేశ్వరి కూడా నిలబడేది. కాలేజీలో భౌతికశాస్త్రం చెప్పి రిటైరైన మనిషి, హేతువాద సంఘం తరపున ఏజెన్సీ సంతల్లో నాలుక మీద కర్పూరం వెలిగించి ఇందులో మహిమ లేదని చూపించిన మనిషి, కత్తులూ కన్నీళ్ళూ ఉన్న ప్రేమకథ కోసం తడుస్తూ నిలబడటం సంఘంలో చాలామందికి నవ్వు తెప్పించేది. ఆమె సంజాయిషీ చెప్పుకోలేదు. ఇష్టానికి కారణాలు వెతకడం మొదలుపెడితే చివరికి దొరికేవి కారణాలే గాని ఇష్టం దొరకదని ఆమెకు అనుభవం మీద తెలుసు. అయితే ఇవాళ కావలసింది కారణాలే. ఒక్క మనిషిని, ఆ చివరి బల్ల మీది మనిషిని, కదిలించగల కారణాలు. అవి ఆమె పొద్దుటినుంచీ పోగుచేసుకుంటూనే ఉంది, పోగుచేసిన కొద్దీ ఒక్కొక్కటే చేతిలోంచి జారిపోతూనే ఉంది.

కథ అందరికీ తెలిసిందే. పది కొండపల్లెల మీద పెత్తనం ఉన్న ముఠాదారు కొడుకు ఫల్గుణ, గెడ్డకు, అంటే కొండవాగుకు, అవతలి ముఠా పిల్ల రత్నాలు. ఇద్దరి మధ్యా నెలల తరబడి చూపులూ పాటలూ, పండగ రాత్రి ధింసా నాట్యపు వరసలో నడుములు పెనవేసుకున్న చేతులూ. చివరికి ఫల్గుణ మనుషుల్ని వెంటేసుకుని, గొడ్డళ్ళతో విల్లంబులతో, ఆమెను ఎత్తుకుపోవడానికి గెడ్డ రేవులో దిగుతాడు. మోకాలి లోతు నీళ్ళలో, బిందె నడుమున పెట్టుకుని, రత్నాలు అతని కళ్ళలోకి చూసి, అందరూ వినేలా అంటుంది: “ఎందుకొచ్చినావన్నా?” బావా అని కాదు. అన్నా అని. అంతే. ఫల్గుణ ఒక్క క్షణం నిలబడి, వెనుదిరుగుతాడు. మరుసటి వారం పత్రిక తెరిస్తే అతను దుక్కి దున్నుతూ కనిపించాడు. ఆ వారమే ఆంధ్రదేశపు పాఠకలోకం అతన్ని చంపేసింది. వెదురు పొదల వెనక రత్నాలు తండ్రి తుపాకులు దాచాడనీ, అతని ప్రాణం కాపాడటానికే ఆమె ఆ మాట అన్నదనీ, మనసున్నవాడైతే ఆ మాట వెనకున్న అర్థం గ్రహించి ముందుకు దూకేవాడనీ ఉత్తరాల మీద ఉత్తరాలు. తుపాకుల సంగతి నవలలో లేదు. ఆమె మనసు సంగతీ లేదు. ఉన్నది ఆ ఒక్క మాటే. కింద మైదానం నుంచి చదివేవాళ్ళకు అది ఒక పిలుపు. ఈ కొండల్లో అది ఒక గొళ్ళెం. వరసైన పిల్లాణ్ణి పదిమందిలో ఒకసారి అన్నా అని పిలిస్తే, ఆ తలుపు ఈ జన్మకు మళ్ళీ తెరుచుకోదు.

పొద్దున్న పెరట్లో, నీళ్ళకుండ పక్కన కూర్చుని తల దువ్వుకుంటూ రాజకుమారి చెప్పింది. రెండేళ్ళుగా తన ఇంటి వెనక గదిలో ఉండి ఇంటర్ పూర్తి చేసిన పిల్ల, ముంచింగిపుట్టు దాటి ఇంకా లోపల ఎక్కడో ఊరు. వచ్చేవారం విశాఖలో నర్సింగు శిక్షణలో చేరాలి. “ఇవాళ సంతలో నా సెయ్యి పట్టుకుని ఎత్తుకుపోతారు మేడమ్,” అంది, వాన పడేలా ఉంది అన్నట్టు. ఉమామహేశ్వరికి కాఫీ గ్లాసు పెదవుల దగ్గరే ఆగింది. ఎవరన్నది అడగనక్కరలేదు. ముంచింగిపుట్టుకూ అరకుకూ మధ్య జీపు తోలే కామేష్ ఆ గుమ్మం ముందు హారను కొట్టని శుక్రవారం లేదు. “నీకిష్టం లేదా?” అంటే, “ఇష్టమే,” అంది, దువ్వెన పళ్ళలో చిక్కుకున్న వెంట్రుకలు తీస్తూ. “ఇప్పుడు వద్దన్నాను. సదువయ్యాక రా అన్నాను. నవ్వేసినాడు. మా కాడ ప్రెతీ గుంటా వద్దనే అంటాది మేడమ్. గీపెడతాది, కరుస్తాది కూడాను. మర్నాడు పెద్దలు ఓలి సొమ్ము మాటాడుకుంటే తలకి నూని రాసుకుని కూకుంటాది. ఆడికేటి తెలస్తాది నాది అలాటి వద్దు కాదని?” మరి నిజంగా ఇష్టం లేని పిల్ల ఏం చేస్తుంది? “అన్నా అనేస్తాది. అంతే, ఒదిలేస్తారు. ఇంకెప్పుడూ రారు.” దువ్వెన ఆగింది. “ఆడు సెయ్యి పట్టుకుంటే నేను అనెయ్యాల మేడమ్. అనకపోతే సదువు పోతాది. అంటే ఆడు పోతాడు.” సంతకు వెళ్ళకుండా ఉండమంటే, అల్లం ఎవరు అమ్ముతారు, ఇవాళ తప్పించుకుంటే రేపు ఊళ్ళో పట్టుకోరా అంది. నేను చెబుతాను అతనితో అంటే మాత్రం గభాలున లేచి నిలబడింది. “వద్దు మేడమ్. మీరు సెప్తే, కిందూరి మేడమ్ నేర్పించిందంటారు. మా మాట కింద నెక్కపెట్టరు.”

వద్దు అంది. ఎలాంటి వద్దు అని తాను అడగలేదు. అడగకూడదు కదా, అడిగితే తానూ కామేషే అవుతుంది. రెండే రెండు మాటలు ఇచ్చింది ఈ ఆచారం ఆడపిల్లకు: ఎవరూ నమ్మని వద్దు ఒకటి, అన్నిటినీ నరికేసే అన్నా ఒకటి. మధ్యలో నిలబడటానికి జానెడు చోటు లేదు. ఇప్పుడు కాదు అనడానికి మాట లేదు. కింద మైదానంలో మాత్రం ఏం ఉందని? అక్కడ ఆ రెండోది కూడా లేదు.

“నాకు తెలవక అడుగుతాను, ఈడు హీరో ఏటండీ?” గంగరాజుగారు ఊపందుకున్నాడు. సాలూరులో లారీల యజమాని, నవలలంటే ప్రాణం, ఈ సభ కోసం పొద్దున్నే కొండెక్కి వచ్చాడు. మనిషి మంచివాడు, గొంతే పెద్దది. “అంతమందిని ఎంటేసుకొని ఎల్లి, ఆడకూతురు ఒక్క మాటంటే తోక ముడిసేసి వచ్చేత్తాడా? మా లారీ క్లీనరు గుంటడు నయమండీ, టైరు పేలినా బండి ఒగ్గేసి రాడు!” నవ్వులు. “పేరేమో ఫల్గుణుడు! పురాణంలో ఆ పేరున్నోడేం సేసేడు? పిల్లని రథమెక్కించుకుపోనేదా? పేరన్నా నిలబెట్టాలి గదా!” చివరి బల్ల నుంచి కామేష్ పగలబడి నవ్వాడు. ఫాల్గుణమాసంలో పుడితే ఇక్కడ ఎవడైనా ఫల్గుణే, శుక్రవారం పుట్టినవాడు సుక్రు అయినట్టు, బుధవారం పుట్టినవాడు బుధు అయినట్టు. రథాలతో పని లేదు. ఆ సంగతి కామేష్‌కు పుట్టుకతో తెలుసు. అయినా నవ్వాడు. తన కొండ పేరును తనే కింద మైదానం కళ్ళతో చూసి నవ్వాడు. ఉమామహేశ్వరికి అది అన్నిటికంటే భయం వేసింది. ఈ నవలను టీ కొట్టు ముందు స్నేహితులకు బిగ్గరగా చదివి వినిపించింది అతనే. ఫల్గుణ వెనుదిరిగిన వారం పత్రికను చింపి పొయ్యిలో వేసిందీ అతనే. అప్పటినుంచే సుక్రూ బుధూ అతన్ని పట్టుకున్నారు. ఏటిరా, నువ్వూ ఫల్గుణవేనా, మీ గుంట పట్నం ఎలిపోతుంటే దుక్కి దున్నుతావా? నాలుగు వారాలుగా అదే పాట. ఎత్తుకుపోవాలన్న ఆలోచన ప్రేమలోంచి పుట్టిందో, ఆ నవ్వులోంచి పుట్టిందో. రెండోదే అనడానికి రుజువు లేదు. అనుమానం మాత్రం బలంగా ఉంది.

రుజువు. తాను చెప్పాలనుకున్నది అదే కదా. రత్నాలు మనసులో ఇంకేదో ఉందని మీకెలా తెలుసు? ఆమె నోటినుంచి వచ్చిన మాట ఒకటి, మీరు ఆమెలో పెట్టిన మాట ఇంకొకటి. ఆడదాని మనసు నాకు తెలుసు అనేవాడికీ, దేవుడి మనసు నాకు తెలుసు అనేవాడికీ తేడా ఏమిటి? ఇద్దరూ కనబడనిదాన్ని చూపించి కనబడేదాన్ని లాక్కుంటారు. మంచి వాక్యం. పొద్దున్న దానికి ఎంతో సంతోషించింది. ఇప్పుడు, ఈ ఉక్కలో, తడి గొంగళి వాసనా, ఎవరో సంచిలో తెచ్చుకున్న పచ్చి మిరియాల వాసనా కలిసిన ఈ గదిలో, ఆ వాక్యం సంఘం మీటింగుకు తప్ప ఎక్కడికీ చేరదనిపించింది. పైగా దాని వెనకే వచ్చి నిలబడ్డాడు భర్త ధర్మతేజ. పోయి ఆరేళ్ళయింది, వాదన పట్టు తప్పినప్పుడల్లా వచ్చి నిలబడతాడు. పెళ్ళిచూపుల్లో ఆమె వద్దు అంది. తండ్రి ముందు, మేనమామ ముందు, స్పష్టంగా అంది. ఆడపిల్లలు అలాగే అంటారండీ అని మేనమామ నవ్వాడు, అందరూ నవ్వారు, కాఫీలు వచ్చాయి. ధర్మతేజ మంచివాడు. ఎమ్మెస్సీ చదివించాడు, ఉద్యోగం చెయ్యనిచ్చాడు, నాస్తికురాలి భర్తనని ఊళ్ళో మాటలు పడ్డాడు, ఒక్కనాడు గొంతు పెంచలేదు. ఎప్పుడో, పిల్లలు పెద్దవాళ్ళయ్యాక, బొర్రా దగ్గర రైలు సొరంగంలోకి వెళ్ళి పెట్టెలో చీకటి పడ్డప్పుడు, ఆ చీకట్లోంచి అడిగాడు: ఆ రోజు నిజంగానే వద్దన్నావా? అన్నాను, అంది. సొరంగం పొడుగైనది. వెలుతురు వచ్చేసరికి అతను కిటికీ బయటికి చూస్తున్నాడు. సిగ్గనుకున్నాను, అన్నాడు. ఆ తరవాత వాళ్ళు ఆ మాట మళ్ళీ ఎత్తలేదు. కాపురం బాగానే సాగింది. అదే గదా చిక్కు. ఇప్పుడు లేచి మాట్లాడితే ఎవరైనా అడగవచ్చు, మేడమ్ మీరు సుఖపడలేదా అని. పడ్డాను. ఫలితం బాగున్నంత మాత్రాన ప్రయోగం సరైనది కాదని పిల్లలకు ఎన్ని ల్యాబుల్లో చెప్పింది! కాని ఆ మాట ల్యాబులో చెప్పినంత సులువుగా సొరంగంలో చెప్పలేకపోయింది.

బయట హారను. పొట్టిగా, రెండుసార్లు. కామేష్ కిటికీవైపు చూసి, అరచెయ్యి చూపించి ఆగమన్నాడు. ఆ చెయ్యి. ఇంకాసేపట్లో ఒక మణికట్టు చుట్టూ బిగిసే చెయ్యి. ఆ బిగింపుకు జవాబుగా ఒక మాట రావాలి, అది వస్తే ఇద్దరి జీవితాల్లో ఏదో ఒకటి తెగాలి. రాజకుమారి ఇప్పుడు ఏం చేస్తూ ఉంటుంది? అల్లం కొమ్ములు విరిచి మట్టి రాలుస్తూ, బేరగాళ్ళతో నవ్వుతూ, జీపు చప్పుడైనప్పుడల్లా నాలుక కొనమీద ఆ మాటను సిద్ధం చేసుకుంటూ. రత్నాలు కూడా అలాగే సిద్ధం చేసుకుని ఉండాలి, బిందెతో, నీళ్ళలో. ఎప్పుడు సిద్ధం చేసుకుంది? అతను రేవులో దిగాక కాదు. అంతకు ముందే. మరి అంతకు ముందు? అతనితో ఆమె ఏమీ అనలేదా? అన్నది. పండగ రాత్రి అధ్యాయంలో ఉంది, ఎవరూ ఉత్తరాల్లో రాయని చిన్న వాక్యం: ఈ పంట దాటిపోనీ, అంది. అతను నవ్వాడు. అవును, నవ్వాడు! ఉమామహేశ్వరి వెన్ను నిటారుగా అయింది. నాలుగు వారాలుగా తాను వెనకేసుకొస్తున్న మనిషి, ఆమె మాటకు కట్టుబడినవాడని తాను మెచ్చుకుంటున్న మనిషి, కట్టుబడింది రెండో మాటకు. మొదటి మాటకు నవ్వాడు. మొదటిది విని ఉంటే రెండోది పుట్టేదే కాదు. వీళ్ళందరూ అతన్ని తప్పుచోట తిడుతున్నారు. తాను అతన్ని తప్పుచోట పొగుడుతోంది.

“ఇప్పుడు ఉమామహేశ్వరిగారు ఆ మహావీరుడి తరపున వకాల్తా పుచ్చుకుంటారు,” అని గంగరాజుగారు నవ్వుతూ కూర్చున్నాడు. చప్పట్లు. ఆమె లేచింది. సిద్ధం చేసుకున్న మొదటి వాక్యం గుర్తురాలేదు. అది పోవడమే మంచిదైంది.

“గంగరాజుగారూ, మీ ఫిర్యాదు నేను ఒప్పుకుంటున్నాను,” అంది. గదిలో చిన్న కలకలం. “ఫల్గుణ తప్పు చేశాడు. కాని రేవులో వెనుదిరగడం అతని తప్పు కాదు. అంతమంది ముందు, వాళ్ళు జన్మంతా నవ్వుతారని తెలిసి, ఒక్క మాటకు విలువిచ్చి వెనక్కు నడవడం ఆ నవల మొత్తంలో అతను చేసిన గొప్ప పని. గొడ్డలి ఎత్తడానికి తోడు కావాలి, అతనికి ఉంది. వెనక్కు నడిచేటప్పుడు అతనికి తోడు ఎవరూ లేరు. అతని తప్పు, రేవు దాకా రావడం. ఈ పంట దాటిపోనీ అని ఆమె ముందే చెప్పింది. పండగ రాత్రి అధ్యాయం తీసి చూడండి. అది అతనికి సరదాగా వినిపించింది. ఆమెకు కావలసింది కొంత కాలం. అతను మనుషుల్ని తెచ్చాడు. అప్పుడిక ఆమె దగ్గర మిగిలింది ఆ ఒక్క మాటే. అన్నా అన్నది రత్నాలు కాదండీ. ఆమె చేత ఆ మాట అనిపించింది ఫల్గుణ.”

ఎవరో పుటలు తిప్పుతున్నారు. “ఏటి మేడమ్, వకాల్తా పుచ్చుకుని మీరే శిక్ష ఏసేత్తన్నారు!” అని గంగరాజుగారు అన్నాడు, నవ్వు వచ్చింది, ఆ నవ్వు సగంలో ఆగింది. చివరి బల్ల దగ్గర కామేష్ లేచి నిలబడ్డాడు.

“మరి రేవుకి రాకుండా ఉంటే,” అన్నాడు. “రాకుండా ఉంటే, ఆడికి ఆవిడంటే పేనమని ఊరికెలా తెలుస్తాది? ఆవిడ ఎలిపోతాది. ఎలిపోయాక ఇంకెవడో ఉంటాడు.” అందరూ వెనక్కు తిరిగారు. అతని చెవులు ఎర్రబడ్డాయి. నవల గురించి అడుగుతున్నట్టు అడగాలనుకున్నాడు, ఆ గొంతులో నవల లేదు.

ఇక్కడ ఏదో ఒకటి హామీ ఇవ్వవచ్చు. వెళ్ళిపోదు, నీకోసమే వస్తుంది అనవచ్చు. నవలలైతే అంటాయి. “వెళ్ళిపోవచ్చు,” అంది ఉమామహేశ్వరి. “ఇంకెవడో ఉండనూవచ్చు. నాకు తెలియదు, నీకూ తెలియదు. ఊరికి తెలియనక్కరలేదు. ఆమె అన్న మాట నువ్వు విన్నావని ఆమెకు తెలిస్తే చాలు.” నువ్వు అనేసింది. ఫల్గుణ అనాలి. దిద్దుకోలేదు.

కామేష్ బల్లల మధ్యనుంచి, ఎవరి మోకాళ్ళకూ తగలకుండా పక్కకు నడుస్తూ, బయటికి వెళ్ళిపోయాడు. తలుపు గాలికి కొట్టుకుంది. సరళ నీళ్ళ గ్లాసు ఆమెవైపు జరిపి, చాలా మెల్లగా, “ఆ వాక్యం నేనే మరిచిపోయానండీ,” అంది. ఉమామహేశ్వరి వినలేదు. ఆమె ధ్యాసంతా కిటికీ బయటికి వెళ్ళిపోయింది. జీపు దగ్గర వాళ్ళ మాటలు గాలిని బట్టి తెగుతూ వస్తున్నాయి. ఇంజను స్టార్టయింది. బేగి ఎక్కరా, సంత సెదిరిపోతాది, అన్నాడు సుక్రు. తరవాత కామేష్ గొంతు, నేను రాను, మీరెల్లండి. ఏటిరా? రాను. ఏటి, ఆ ముసల్దాని మాటలిని బయమేసిందా?

“అవును,” అన్నాడు కామేష్.

నవ్వు మొదలైంది. బుధు జీపు రేకు మీద అరచేత్తో బాదుతూ నవ్వాడు, సుక్రు హారను నొక్కి పట్టి నవ్వాడు, దారిన అరటిగెల మోసుకుపోతున్న ఇద్దరు ఆగి, సంగతేమిటో తెలియకుండానే నవ్వారు. ఫల్గుణ, ఓయ్ ఫల్గుణ, నాగలి తెమ్మంటావా! ఆ నవ్వు జీపుతో పాటు సంత రోడ్డు మలుపు దాకా వెళ్ళి, మలుపు తిరిగాక కూడా కొంతసేపు వినిపించింది. లోపల గంగరాజుగారు వందన సమర్పణకు లేచాడు. ఉమామహేశ్వరి ఎవరి అనుమతీ అడగకుండా బయటికి వచ్చింది.

అతను మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. తెల్లచొక్కా వీపు చెమటకు అంటుకుపోయింది. మొహం తిప్పలేదు. ఆమె రెండు మెట్లు ఎడంగా నిలబడింది. ఓదార్పు చేతకాదు, చేతనైనా అతనికి అక్కరలేదు. కొండ మీద పొగమంచు కాఫీ తోటల్లోకి దిగుతోంది. అతను చెప్పుతో మట్టిని రాస్తూ అడిగాడు.

“ఆ నర్సు సదువు ఎన్నేళ్ళు మేడమ్?”

మూడేళ్ళు. ఆపైన ఆరు నెలలు ఆసుపత్రిలో పని. అడిగినవాడికి తెలిసిన సంగతి దాచడం ఆమె ఉద్యోగ జీవితంలో ఎరగని పని.

“నాకు తెలియదు,” అంది. “రేపు పొద్దున్న ఇంటికొచ్చి, ఆమెనే అడుగు.”